పదహారు ఇళ్ళలో ఉన్నామె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాన్న మేస్టారు. బడిలో ఏనాడూ గొంతు పెంచని మనిషి, ఇంట్లో నాతో ఏదైనా చెప్పాలంటే మాత్రం ముందు గొంతు సవరించుకునేవారు. అలాంటి నన్ను తీసుకెళ్ళి సర్కారు ఇళ్ళ తనిఖీ పనిలో పెట్టారు. బెజవాడ కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ళకు కంకిపాడు దాటాక పొలాల మధ్య అపార్ట్‌మెంట్లు కట్టి ఇచ్చారు. ఇచ్చిన ఇంట్లో పుచ్చుకున్నవాళ్ళే ఉంటున్నారా లేదా అని చూసి రాయడం నా ఉద్యోగం.

నిబంధన చిన్నదే. ఇల్లు అద్దెకివ్వకూడదు, అమ్మకూడదు, ఇంకొకరిని ఉంచకూడదు. మూడు తనిఖీల్లో ఎవరూ ఉండటం లేదని తేలితే రద్దు చేసి, జాబితాలో తర్వాత ఉన్నవాళ్ళకు ఇస్తారు. చదివితే ఎవరికైనా న్యాయంగానే అనిపిస్తుంది. దాన్ని మోసేవాళ్ళ దగ్గరికి వెళ్తేనే తిరకాసు. మా సార్‌ని అడిగితే, "ఇది లేకపోతే రేపటికల్లా అన్నీ అమ్మేసుకుంటారమ్మా" అనేవారు. అందులో అబద్ధం లేదు. ఇళ్ళు వచ్చినవాళ్ళలో ఒక వంటమనిషి ఉండేవాడు. పెళ్ళిళ్ళకు వండుతాడు. అతను చెప్పింది కూడా అబద్ధం కాదు. "ఇల్లు కావాలండి మాకు. కాకపోతే అక్కడ పని లేదండి. తెల్లారగట్ల నాలుగింటికి గవర్నరుపేటలో ఉండాలంటే ఆ పొలాల్లోంచి ఏ బస్సు వస్తదండి?" ఇక నా సంగతి అంటారా, నాకది ఫోన్‌లో రెండు గడులు. ఉన్నారు. లేరు. ఏదో ఒకటి నొక్కి ఫొటో పెట్టాలి.

ఆ కాలనీలో చివరి బ్లాకుకు మొదటిసారి వెళ్ళింది ఒక పొద్దున పదకొండింటికి. నాట్లు అయిపోయిన రోజులు. బ్లాకు వెనక కాలువ నిండుగా పోతోంది, చుట్టూ పచ్చటి చేలు, మనిషి జాడ లేదు. నాలుగు అంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున పదహారు ఇళ్ళు. మెట్లెక్కుతుంటే నా చెప్పుల చప్పుడు పైనుంచి తిరిగి వినపడుతోంది. ప్రతి ఇంటి ముందూ తడి ఆరని ముగ్గు. గడపకు పసుపు, కుంకుమ బొట్లు. పక్కన చెప్పులు. తీగ మీద బట్టలు. అన్ని తలుపులకూ తాళాలు.

తలుపులు కొట్టాను. ఎవరూ పలకలేదు. రెండో అంతస్తులో ఒక తలుపు వెనక రేడియో సన్నగా మాట్లాడుతోంది. దాని పక్క ఇంట్లోంచి అప్పుడే వార్చిన అన్నం వాసన. బయట తాళం, లోపల అన్నం వాసన. కిటికీలోంచి చూద్దును కదా, చాప పరిచి ఉంది, దిండు మీద తల ఆనించిన గుంట అలాగే ఉంది, గ్లాసులో నీళ్ళు పోసి మూత పెట్టారు. గోడకి చిన్నపిల్లాడి యూనిఫాం ఇస్త్రీ చేసి తగిలించి ఉంది. దాని భుజాల మీద దుమ్ము.

ఆ దుమ్ము దగ్గర ఆగాల్సింది. ఆగలేదు. ఎండ మండిపోతోంది, ఇంకా రెండు బ్లాకులు మిగిలాయి, పైగా నేనూ ఈ గడ్డ మీద పుట్టి పెరిగినదాన్నే. ముగ్గు పడిన గడప చూస్తే ఇంట్లో ఆడమనిషి ఉందనే అనుకుంటాను, ఎవరూ లేని ఇంటి ముందు పొద్దున్నే వంగి ముగ్గేసేది ఎవరు? చిన్నప్పుడు మా వీధిలో ఏ ఇంటి ముందైనా ముగ్గు పడకపోతే అమ్మ వెళ్ళి, ఒంట్లో ఎలా ఉందని అడిగి వచ్చేది. అందుకే ఆలోచించకుండా పదహారుసార్లు 'ఉన్నారు' నొక్కాను. 'పనులకు వెళ్ళారు' అని కింద రాశాను. మెట్లు దిగుతుంటే పైన ఎక్కడో తలుపు గడియ పడిన చప్పుడు వినపడింది. తల తిప్పి చూడకుండా బండెక్కేశాను. భయమేసిందని ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గేం లేదు.

రెండు వారాల తర్వాత ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. ఇద్దరు పిల్లలు, జాబితాలో ఇంకా వంతు రాని మనిషి. బల్ల ముందు నిలబడి చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మేడంగారూ, ఆ చివరి బ్లాకులో ఎవరూ ఉండట్లేదండి. నేను రెండ్రోజులు కాలువ గట్టు మీద కూర్చుని చూశానండి. ఒక్క సంసారం కూడా రాలేదు. పొద్దుగూకేసరికి దీపాలు మాత్రం వెలుగుతున్నాయండి."

"మరి ఎవరు వెలిగిస్తున్నారమ్మా?" అన్నాను చిరాగ్గా.

"అదేనండి మీకు చెబుదామనే వచ్చాను. నాకు మళ్ళీ అక్కడ కూర్చోవాలంటే భయంగా ఉందండి."

ఫిర్యాదు రాయించుకుని పంపేశాను. నా కళ్ళ ముందు నేను నొక్కిన పదహారు గడులు తిరిగాయి. తప్పు రాశానని తేలితే నా ఉద్యోగానికే ఎసరు వస్తుంది. ఆ సాయంత్రమే బండి తీశాను.

నేను వెళ్ళేసరికి సంధ్య వాలుతోంది. బండి దూరంగా ఆపి గట్టు మీద నిలబడ్డాను. కింది అంతస్తులో ఎడమ చివర కిటికీలో ఒక దీపం వెలిగింది. కాసేపటికి పక్క కిటికీలో. తర్వాత దాని పక్కన. నాలుగూ అయ్యాక ఆగింది. మెట్ల గదిలో ఒక నీడ పైకి కదిలింది. మళ్ళీ రెండో అంతస్తులో ఎడమ చివరినుంచి ఒకటి, రెండు, మూడు. మాటలు లేవు, పిల్లల అరుపుల్లేవు, గిన్నెల చప్పుడు లేదు. పదహారు సంసారాలుండాల్సిన భవనంలో ఒకే ఒక్క జత పాదాలు తిరుగుతున్నాయి. వెనక్కి పోదామనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి లోపలికి నడిచాను.

మూడో అంతస్తు మెట్ల మీద ఎదురైంది. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, వంగకుండా ఉంది. చేతిలో నూనె సీసా, నడుముకు తాళాల గుత్తి. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"వచ్చావా అమ్మాయ్? మొన్న పొద్దున వచ్చి తలుపులు కొట్టింది నువ్వేగా. అన్నం వార్చి తాళమేసి డాబా మీదికెళ్ళా, దిగేసరికి ఎల్లిపోయావు. రా, కాళ్ళు కడుక్కుని లోపలికి రా. దీపం పెట్టే వేళ గడప బయట నిలబడకూడదు."

ఆమె వెంట తిరుగుతూ మిగిలిన ఇళ్ళ దీపాలు చూశాను. ప్రతి ఇంట్లోకీ అడుగు పెట్టేముందు, "ఏమర్రా, వస్తన్నా" అని చెప్పి వెళ్ళేది. ఖాళీ ఇంటికి. లోపల దీపం వెలిగించి, నీళ్ళ గ్లాసు మార్చి, దిండు సర్ది, "ఉంటామరి" అని తాళం వేసేది. మొదట నవ్వొచ్చింది. నాలుగో ఇంటికొచ్చేసరికి నవ్వు పోయింది, ఆమె మాటకు లోపలనుంచి జవాబు వస్తుందేమోనని నేనూ చెవులు రిక్కించి వింటున్నాను.

ఆఖరి ఇంట్లో చాప వేసి కూర్చోబెట్టి, టీ పెట్టి ఇచ్చింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఇళ్ళ తాళాలు ఇచ్చేసరికి మూఢం దగ్గర పడింది. మూఢంలో గృహప్రవేశం పనికిరాదు, అది వెళ్ళేదాకా ఆగితే ఇల్లు ఎవరైనా లాక్కుంటారేమోనని భయం. దాంతో పదహారు కుటుంబాలూ ఒకే ముహూర్తానికి వచ్చి పాలు పొంగించేశాయి. నీళ్ళ పైపు ఇంకా కలపలేదు, బడి లేదు, బస్సు లేదు. మర్నాడే అందరూ పనుల కోసం బెజవాడ తిరిగి వెళ్ళి అద్దె గదుల్లో దూరారు. పాలు పొంగించిన కొత్త ఇంటిని దీపం లేకుండా, ఎవరూ నిద్ర చేయకుండా వదిలేయకూడదు కదా. ఆ భయం ఒకటి పట్టుకుంది వాళ్ళను. అందరూ తాళాలు తెచ్చి ఈమె చేతిలో పెట్టారు. రద్దు సంగతి తర్వాత తెలిసింది. తెలిశాక ముగ్గులు, చెప్పులు, తీగ మీద బట్టలు కూడా తోడయ్యాయి.

"అన్ని ఇళ్ళలోనూ నువ్వే పడుకుంటావా మామ్మా?"

"వంతులేసుకున్నా. పదహారు రోజులకోసారి ఒక్కో ఇంట్లో. ఇవాళ వంటాయన ఇంట్లో. ఆ ఇంట్లో గోడ టకటకలాడుద్ది. అలిగిందని నేనే సముదాయిస్తా. మనుషుల్లేని ఇళ్ళు ఊరుకోవు అమ్మాయ్, వాటి పనులు అవి మొదలెడతాయి."

"నీ ఇల్లు ఏది ఇందులో?"

"నాకు లేదు."

ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. ఆమెది సముద్రం ఒడ్డు పల్లె, చేపలవాళ్ళ కుటుంబం. పెనిమిటి పోయాక బెజవాడ వచ్చి, ఈ పదహారు కుటుంబాల మధ్యే గట్టు మీద గుడిసె వేసుకుని ఎండుచేపలు అమ్ముకుంది. ఇళ్ళ కోసం పేర్లు రాసుకోవడానికి మనుషులొచ్చిన వారం చేపలు ఎండేసే కాలం. సరుకు కోసం ఒడ్డుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అందరి గుడిసెల మీదా నంబర్లు, ఆమె గుడిసె మీద ఏమీ లేదు. కొన్నాళ్ళకు నంబర్లున్న గుడిసెలతో పాటు ఆమెదీ తీసేశారు.

ఎక్కడైనా పేరుందేమో చూద్దామని నా ఫోన్ తీశాను. ముందు వేలిముద్ర పెట్టించాను. ఉప్పుకీ పొలుసుకీ అరిగిపోయి వేళ్ళు నున్నగా ఉన్నాయి. ఫోన్‌కు తగిలించిన యంత్రం పట్టలేదు. సరే, ముఖం చూపించమన్నాను. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, మనిషేనని తెలియడానికి కళ్ళు ఆర్పమని ఫోన్ అడుగుతుంది. ఆమె ఆర్పింది. వివరాలు దొరకలేదంది. మళ్ళీ ఆర్పమన్నాను. ఆ దీపం వెలుగులో ఆమె నా ఫోన్ వంక చూస్తూ ఒద్దికగా కళ్ళు ఆర్పుతూనే ఉంది, అది లేదు లేదంటూనే ఉంది. నాకే చాలనిపించి మూసేశాను.

"మీటరు చూసే అబ్బాయి వచ్చినప్పుడు ఇంతకంటే తేలిగ్గా గడిచిపోద్ది" అని నవ్వింది. "ఏ తలుపు దగ్గర ఆ ఇంటామె పేరు చెబుతా. పదహారు పేర్లు. మొన్నొకసారి అందరివీ చెప్పి లోపలికొచ్చి కూర్చున్నానా, నా పేరేంటో ఎంతకీ రాలేదు. కాసేపు అట్టాగే కూర్చున్నా. తర్వాత వచ్చిందిలే."

టీ గ్లాసు కింద పెట్టేశాను. జాలేసింది, భయమూ వేసింది. రెంటిలో ఏది ఎక్కువంటే చెప్పలేను.

ఆమెకు ఒక్కటే ఆశ. కింద మోటారు గది పక్కన చిన్న కొట్టు ఒకటి ఉంది, సామాన్లకని కట్టి వదిలేశారు. అందులో ఉండనిస్తే చాలు. "దొంగతనంగా ఎన్నాళ్ళుంటానమ్మాయ్? ఉండొచ్చని ఒక కాయితం ఉంటే అక్కడే పడుంటా. అందరి ఇళ్ళూ చూస్తా. మీ సారుతో నువ్వు ఒక్క మాట చెప్పు."

"చెబుతాను మామ్మా. నేను చెబుతాను కదా" అన్నాను. అప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాను.

వారం తిరిగేలోగా ఫిర్యాదు పైకి వెళ్ళింది. సార్ స్వయంగా వస్తానన్నారు. ఇళ్ళు వచ్చినవాళ్ళంతా కుటుంబంతో సహా ఆ రోజు తమ ఇంటి గుమ్మంలో ఉండాలి, లేకపోతే ఫిర్యాదు వచ్చింది కాబట్టి మూడు తనిఖీల దాకా ఆగకుండా రద్దు. ఫోన్లు చేసింది నేనే. ఒక్కరు కూడా రాలేమనలేదు. మామ్మకు ఈ కబురు చెప్పినప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఇంటోళ్ళంతా వస్తన్నారా? అందరూనా? అయితే నా గురించి వాళ్ళే చెబుతారులే అమ్మాయ్. ఇన్నాళ్ళూ కాసింది వాళ్ళ ఇళ్ళేగా."

ఆ పొద్దున నేను తొమ్మిదింటికే వెళ్ళాను. ఆటోల్లో వచ్చేశారు అందరూ. మామ్మ మెట్ల దగ్గర నిలబడి ఎవరి తాళం వాళ్ళ చేతిలో పెట్టింది. వాళ్ళు తమ ఇళ్ళలోకి చుట్టాల్లా వెళ్ళారు. స్విచ్చు ఎక్కడుందని ఒక పిల్ల అరిచింది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని ఒకామె పైనుంచి మామ్మనే అడిగింది. ఒక చంటిపిల్లాడు గుమ్మం దాటి లోపలికి రానని ఏడుపు లంకించుకున్నాడు. ఎంత బతిమాలినా రాలేదు, ఇంటి మూల వైపే చూస్తూ ఏడ్చాడు. ఆ మూల ఏమీ లేదు. నేనూ చూశాను.

సార్ పదింటికి వచ్చారు. మంచి మనిషే, నిబంధన తప్ప వేరే పక్షం లేని మనిషి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, పేరు పిలిచి, ముఖం ఫోన్‌కు చూపించమన్నారు. పదహారు గుమ్మాల్లోనూ కళ్ళు ఆర్పారు. పదహారుసార్లూ ఫోన్ ఒప్పుకుంది. పై అంతస్తు అయ్యాక వెనక్కి తిరిగితే మామ్మ మెట్ల మీద కనపడింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఈమెది ఏ ఇల్లు?" అన్నారు సార్.

ఒక్కో గుమ్మం వంకా చూసి, మామ్మ వైపు తిరిగారు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరి తాలూకు?"

మామ్మ వంటాయన వంక చూసింది. అతను తల దించుకున్నాడు. పక్క గుమ్మంలో ఆమె పిల్లను లోపలికి లాక్కుంది. అక్కడ ఒక్కొక్కరి మనసులో ఏముందో నాకు తెలుసు. దీపాలు ఈమె పెట్టిందని ఒప్పుకుంటే తాము ఇక్కడ లేమని ఒప్పుకున్నట్టే. ఈమెను ఇంట్లో ఉంచామంటే ఇంకొకరిని ఉంచినట్టే. ఎటు నుంచి చెప్పినా ఇల్లు పోతుంది. కింది అంతస్తు నుంచి కూడా మనుషులు మెట్ల మొదట్లోకి వచ్చి నిలబడ్డారు. అంతమంది ఊపిరి బిగబట్టి ఉంటే ఆ భవనం ఖాళీగా ఉన్ననాటి కంటే నిశ్శబ్దంగా అయింది.

"మాకు తెలీదండి" అన్నాడు వంటాయన చివరికి.

సార్ నా వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు ఇంతకుముందు తనిఖీకి వచ్చావు కదా. ఈమెను ఎప్పుడైనా చూశావా?"

చూశానంటే నేను నొక్కిన పదహారు గడులు అబద్ధమవుతాయి. అవి అబద్ధమైతే నా సంగతేమిటి? నా ముక్కు మీద ఉండే కోపం, ఇంటా బయటా నేను పారేసుకునే నోరు, అన్నీ ఎటు పోయాయో తెలియదు. మామ్మ నా వంక చూస్తోంది. ఆమె ముఖంలో ఇంకా నమ్మకమే ఉంది.

"లేదు సార్" అన్నాను. "ఎవరో తెలియదు."

ఆమె కళ్ళు ఒక్కసారి ఆర్పింది. సార్ గట్టిగా అరిచిందీ లేదు, పొమ్మన్నదీ లేదు. బయటివాళ్ళు లోపల తిరగకూడదమ్మా, నీకు ఇల్లు కావాలంటే అర్జీ పెట్టుకో అని చెప్పారు, అంతే. "అట్టాగే బాబూ" అంది మామ్మ. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. కింద నిలబడినవాళ్ళు ఆమెకు దారి ఇచ్చారు. ఎవరూ ఆమెను తాకలేదు. కాలువ గట్టు మీద కొంత దూరం కనపడింది, తర్వాత చేల మలుపులో తిరిగిపోయింది.

తర్వాత వెతికాను. వెతకలేదని అనుకోకండి. బెజవాడ గట్ల మీద అడిగాను, సెలవు పెట్టి సముద్రం ఒడ్డుకు కూడా వెళ్ళాను. ఎవరి గురించి అడుగుతున్నావంటే చెప్పడానికి నా దగ్గర ఆమె పేరు లేదు. పదహారు పేర్లు చెప్పిన మనిషిని ఆమె పేరేంటని నేను అడగనే లేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నానికల్లా సార్ వెళ్ళిపోయారు. నాలుగింటికి ఆటోలు వచ్చి కుటుంబాలను తీసుకెళ్ళాయి. తాళాలు ఎవరివి వాళ్ళే పట్టుకెళ్ళారు. ఫారం పూర్తి చేయడానికి నేను ఒక్కదాన్నే మెట్ల మీద కూర్చున్నాను. పదహారు ఇళ్ళకూ 'నివాసం ఉన్నారు' అని వచ్చేసింది, కింద నా పేరు కూడా వచ్చేసింది. చివర ఒక వరుస మిగిలింది. భవనంలో అనధికారంగా ఉంటున్నవారు ఎవరైనా ఉన్నారా? పైన ఏ ఇంట్లోనో టకటకమని గోడ చప్పుడు చేసింది. సముదాయించేవాళ్ళు లేక అది ఆగలేదు. 'లేరు' అని రాశాను. ఆ ఫారం మొత్తంలో నేను రాసిన నిజం అదొక్కటే.